సున్నపు లెక్క

కొల్లేటి పరిసరములందలి చేపల చెరువులలో సున్నము చల్లుట పరిపాటి. ఏలూరులో ఇంటర్మీడియట్ చదువు బాలునికి ఆ సున్నమే ఇంటిలెక్కగా ఎదురగును. తాడేపల్లిగూడెములో 2015లో నెలకొన్న నిట్‌లో చేరవలెనన్న, ఈ గండము గడవక తప్పదు.

శుద్ధమైన సున్నపురాయి 100 గ్రాములు పూర్తిగా కాల్చిన, పొడిసున్నమెంత? సమీకరణములో ఒకటికొకటి యున్నది గనుక బాలుడు 100 అని వ్రాయును. గురువు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. అచ్చటి అంకెలు కణముల సంఖ్యలే గాని బరువులు కావు. కాల్షియము 40, కర్బనము 12, మూడు ఆమ్లజనులు 48, వెరసి 100. అందు 44 బొగ్గుపులుసు వాయువుగా వెడలిపోగా మిగులునది 56.

ద్రవ్యము నశింపదని 1789లో లవోయిజే తన గ్రంథమున చాటెను. ఈ గణితమునకు 1792లో జర్మను పండితుడు రిక్టర్ స్టాయికియోమెట్రీ యని పేరిడెను.

ఆ 56 గ్రాముల పొడిసున్నము, 100 గ్రాముల రాతిపొడి హరించునంత ఆమ్లమును హరింపగలదు. ఇది యెఱుగక రాతిపొడికి బదులు అంతే తూకము పొడిసున్నము చెరువులో చల్లినచో నీటి క్షారగుణము హఠాత్తుగా పెరుగును. నీటనున్న అమ్మోనియా విషమగును. తెల్లవారునప్పటికి చేపలు తేలవచ్చును. నోటుపుస్తకములో పొరపాటునకు పోవునది రెండు మార్కులు. చెరువులో పోవునది రైతు యేడాది కష్టము.