కార్డు చెరిపేలోగా ఫొటోలు ఫోనుకెక్కాలి

మాఘమాసం వచ్చిందంటే పల్లెల్లో ఫొటోగ్రాఫర్లకు నిద్ర ఉండదు. రాత్రి ఒక ఊళ్లో ముహూర్తం, తెల్లవారితే మరో ఊళ్లో సత్యనారాయణ వ్రతం. కెమేరాలోని కార్డు నిండిపోతుంది. కొత్త పెళ్లికి చోటు కావాలంటే పాత పెళ్లిని చెరపాలి. పొరపాటు జరిగేది అక్కడే.

రీలు కెమేరాల కాలంలో నెగిటివు స్టూడియోలో భద్రంగా ఉండేది. ఏళ్ల తర్వాత వెళ్లి అడిగినా మరో ప్రింటు వేసి ఇచ్చేవారు. డిజిటల్ కెమేరాకు నెగిటివు లేదు. ఉన్నదంతా తపాలా బిళ్లంత కార్డులోనే. అక్షింతలు వేసిన తాతయ్య మరుసటి ఏటికి ఉండకపోవచ్చు. ఆ ఫొటో పోతే మళ్లీ తీయడం ఎవరి తరమూ కాదు.

ఈ ముప్పు తప్పించడానికి కంప్యూటరే అక్కర్లేదు. జేబులోని స్మార్టు ఫోను, ఒక చిన్న కార్డు రీడరు చాలు. ఛార్జింగు వైరు గుచ్చే చోటే రీడరును గుచ్చాలి. కొనేటప్పుడు దుకాణంలో ఫోను చూపించి, దానికి సరిపడేది అడిగి తీసుకోవడం మంచిది. కొన్ని ఫోన్లలో సెట్టింగుల్లోకి వెళ్లి 'ఓటీజీ'ని ఆన్ చేయాల్సి ఉంటుంది. ఫైళ్ల యాప్ తెరిస్తే కార్డులో 'డీసీఐఎం' అనే ఫోల్డరు కనిపిస్తుంది. ఫొటోలు అందులో ఉంటాయి.

అయితే చూడటం వేరు, దాచడం వేరు. తెరపై బొమ్మ కనిపించినంత మాత్రాన ఫోనులోకి వచ్చినట్టు కాదు. రీడరు తీసేస్తే అదీ పోతుంది. అన్నిటినీ ఎంచుకుని 'కాపీ' చేయాలి. 'మూవ్' నొక్కితే కార్డులోవి పోతాయి కనుక దాని జోలికి వెళ్లకూడదు. కాపీ అయ్యాక రెండు చోట్లా లెక్క సరిపోయిందో లేదో చూసుకోవాలి. నాలుగైదు ఫొటోలు తెరిచి పెద్దవి చేసి చూడాలి.

ఫొటో ఒక్కొక్కటి 8 ఎంబీ అనుకుంటే వెయ్యి ఫొటోలకు 8 జీబీ కావాలి. ఫోనులో అంత ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోవాలి. కొన్ని కెమేరాలు వైఫై ద్వారా కూడా ఫొటోలు పంపుతాయి. కానీ వాటిలో కొన్ని సైజు తగ్గించి పంపుతాయి. అవి చూసుకోవడానికి బాగుంటాయి గాని ఆల్బమ్‌లో పెద్ద ప్రింటుకు పనికిరావు. వాట్సాప్‌లో మామూలుగా పంపినా ఇదే తంతు. 'డాక్యుమెంటు'గా పంపితే అసలు సైజు ఉంటుంది.

ఫోనూ శాశ్వతం కాదు. నీళ్లలో పడవచ్చు, బస్సులో పోవచ్చు. కాబట్టి పెన్‌డ్రైవులోనో హార్డ్‌డిస్కులోనో మరో ప్రతి ఉండాలి. గూగుల్ ఖాతాలో ఉచితంగా దొరికేది 15 జీబీ. అందులోనే మెయిళ్లూ ఉంటాయి. హద్దు లేకుండా ఫొటోలు దాచుకునే ఉచిత సౌకర్యం 2021 జూన్ 1 నుంచి ఆగిపోయింది.

పొరపాటున కార్డు చెరిగిపోతే ఆ కార్డుతో మరొక్క ఫొటో కూడా తీయకూడదు. వెంటనే బయటకు తీసి, తెలిసినవారికి చూపించాలి. కొత్త ఫొటోలు పడకపోతే పాతవి తిరిగి దొరికే వీలుంది.

పెళ్లివారూ ఫొటోగ్రాఫరుకు తాంబూలం ఇచ్చి పంపేముందు ఒక్క మాట అడగాలి: "ఫొటోలు రెండోచోట దాచావా, బాబూ?"