దారితప్పిన బాలురు - పశుక్షేత్ర జీవితము

పదునైదేండ్ల బాలుడొకడు బడికి పోవుట మానినాడు. తండ్రి మాట వినడు. తల్లి పలుకరించినచో గది తలుపు వేసికొనును. రాత్రి ఏ వేళకు ఇల్లు చేరునో, ఎవరితో తిరుగుచున్నాడో తెలియదు. కొట్టి చూచిరి, బుజ్జగించి చూచిరి, మేనమామచేత చెప్పించి చూచిరి. ఇట్టి ఇల్లు ఏ దేశమున లేదు? అమెరికాలో ఇట్టి తలిదండ్రులకు చిరకాలముగా వినవచ్చుచున్న సలహా ఒకటి కలదు. కుఱ్ఱవానిని కొంతకాలము ర్యాంచ్‌కు పంపుడని పెద్దలు చెప్పుదురు. ఆ సలహాలో మేలెంత, ప్రమాదమెంత అను విషయమును నేడు మేము వివరింపదలచితిమి.

ర్యాంచ్ అనగా పశువులను మేపు విశాలక్షేత్రము. మన పల్లెలలోని పశువుల కొట్టమువంటిది కాదు. వందల, వేల ఎకరముల పచ్చికబయలు, దాని చుట్టును ముండ్లతీగె కంచె, నడుమ ఆవుల మందలు, వానిని తోలుటకు గుఱ్ఱములు. టెక్సాస్, మోంటానా, వయోమింగ్ మొదలగు రాష్ట్రములలో ఇవి అధికము. చలనచిత్రములలోని కౌబాయి చేత తుపాకి కనిపించును గాని, నిజమైన పశుపాలకుని చేతిలో ఎక్కువసేపు ఉండునవి పార, కంచె తీగెను బిగించు పటకారు.

అచ్చట దినము తెల్లవారకముందే మొదలగును. బాలుడు తాను తినుటకు ముందు గుఱ్ఱమునకు ఎండుగడ్డి వేయవలెను. ఒక్కొక్క గుఱ్ఱము దినమునకు ఇరువది మొదలు నలుబది లీటర్ల వరకు నీరు త్రాగును. ఆ నీరు తొట్టిలో ఉన్నదా, శీతకాలమైనచో గడ్డకట్టినదా అని చూడవలెను. కొట్టములోని పేడ ఎత్తవలెను. గుఱ్ఱము మేను తోమి, డెక్కలలో ఇఱుకుకొన్న రాళ్లను, మట్టిని తీయవలెను. ఈనిక కాలమున తొలిచూలు పెయ్యలను రాత్రులందు కనిపెట్టి ఉండవలెను.

ఈ పనిలో ఔషధమేమున్నది? మొదటిది, దాని ఫలము వెంటనే కనబడును. కంచె సరిగా బిగింపనిచో మఱునాటికి ఆవులు బయట ఉండును. ఇందు నింద లేదు, ఎత్తిపొడుపు లేదు. జరిగినది కన్నులయెదుట ఉన్నది. రెండవది, ఇన్నాళ్లు ఇతరులకు భారమని పేరుపడిన బాలునికొఱకు ఒక ప్రాణి ఎదురుచూచుచున్నది. తాను రానిచో అది పస్తుండును. తాను అవసరమైనవాడనని ఒకరు చెప్పగా నమ్మని బాలుడు, కొట్టము వాకిట తన అడుగుల చప్పుడు విని తలయెత్తిన గుఱ్ఱమును చూచి నమ్మును.

ఇక గుఱ్ఱమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. గుఱ్ఱము బలముగల జంతువే గాని, స్వభావముచేత భయశీలము. క్రూరమృగముల పాలబడకుండ పరుగెత్తి బ్రదికిన జాతి. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండుట చుట్టును కనిపెట్టుటకే. మనుష్యుని నడకలోని తొందర, భుజములలోని బిగువు, గొంతులోని కోపము దానికి వెంటనే తెలియును. చెవులు వెనుకకు వాల్చును, దూరము జరుగును. బాలుడు దానిని బెదిరించి దగ్గఱకు తెచ్చుకొనలేడు. తన ఊపిరిని, తన చేతిని నెమ్మది పఱచుకొనవలెను. కోపమును అణచుకొమ్మని ఉపాధ్యాయుడు పదిమార్లు చెప్పిన మాట ఇచ్చట అవసరముగా మారును.

గుఱ్ఱములను మచ్చిక చేయువారు పాటించు సూత్రమొకటి కలదు. పగ్గమును మెల్లగా లాగి పట్టుదురు. గుఱ్ఱము ఒక్క అడుగు ముందుకు వేసిన క్షణముననే పట్టు సడలింతురు. గుఱ్ఱమునకు పాఠము నేర్పునది లాగుట కాదు, సడలించుట. అడుగు వేసిన పిదప కూడ లాగుచునే ఉన్నచో అది మొండికెత్తును, లేదా భయముతో ఎదురుతిరుగును. ఈ సూత్రమును బాలుర విషయమున పెద్దలు పాటించిరా లేదా అనుదానిపైననే ఇట్టి సంస్థల మంచిచెడ్డలు ఆధారపడియున్నవి.

చరిత్రను చూతము. ఫ్రాన్సు దేశమున టూర్ నగర సమీపమునందలి మెత్రే గ్రామమున 1840లో ఫ్రెడెరిక్ ఒగుస్త్ దెమెట్జ్ అను న్యాయవేత్త బాలనేరస్థుల కొఱకు వ్యవసాయక్షేత్రమును నెలకొల్పెను. చెఱసాల గోడలకు బదులు పొలములు. బాలురను చిన్నచిన్న కుటుంబములుగ విభజించి, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క పెద్దను నియమించెను. ఐరోపా ఖండమంతయు మెచ్చుకొనెను. కాని కాలక్రమమున కుటుంబము పేరు మిగిలినది, క్రమశిక్షణ కాఠిన్యము పెరిగినది. తరువాత ప్రసిద్ధ రచయితయైన ఝాఁ జెనే 1926 నుండి 1929 వరకు అచ్చట బందీగ ఉండెను. పత్రికల తీవ్ర విమర్శల నడుమ 1937లో అది మూతపడెను. పొలము అదియే, పని అదియే; సడలించు చేయి లేకపోయెను.

అమెరికాలో పేరొందినది టెక్సాస్ ఉత్తరభాగమునందలి బాయ్స్ ర్యాంచ్. కాల్ ఫార్లే అను పూర్వపు మల్లయోధుడు, అమరిల్లో నగర వర్తకుడు, 1939లో దీనిని స్థాపించెను. జూలియన్ బివిన్స్ అను పశుక్షేత్ర యజమాని 120 ఎకరములు దానమిచ్చెను. జనులు విడిచిపోయిన టాస్కోసా పట్టణపు పాత న్యాయస్థాన భవనమే బాలురకు మొదటి ఇల్లు. పిమ్మట వేలకొలది పిల్లలు అచ్చట పెరిగిరి. పలువురు కృతజ్ఞతతో తలచుకొందురు. ఐనను 2017లో కొందరు పూర్వవిద్యార్థులు తమ బాల్యమున అచ్చట హింసకు గురియైతిమని వెల్లడించిరి. ఈ రెండు మాటలను కలిపి వినవలెను.

అమెరికా ప్రభుత్వపు జవాబుదారీ కార్యాలయము 2007లో ఇట్టి నివాస సంస్థలను, అరణ్య శిబిరములను పరిశీలించి నివేదిక సమర్పించినది. 1990 మొదలు వచ్చిన ఆరోపణలు వేలు. పదిమంది పిల్లల మరణములను ఆ కార్యాలయము వివరముగ విచారించినది. జబ్బుగా ఉన్నదని మొఱపెట్టిన పిల్లలు నటించుచున్నారని సిబ్బంది తలచిన సందర్భములు అందు కలవు. గుఱ్ఱము కుంటినచో డెక్క ఎత్తి చూతురు. బాలుడు నొప్పి యన్నచో నమ్మకపోయిరి. ఇట్టి సంస్థలను గూర్చి జాతీయస్థాయి పరిశీలనము జరుపుటకై 2024 డిసెంబరులో ఒక చట్టము వెలువడినది.

మఱియొక చిక్కు కలదు. చెడునడత గల బాలురను గుంపుగ ఒకచోట చేర్చినచో, ఒకరినుండి ఒకరు నేర్చుకొని మఱింత చెడు అవకాశము ఉన్నదని 1999లో టామస్ డిషన్ మొదలగువారు ప్రకటించిరి. గుఱ్ఱములతోడి చికిత్సపై జరిగిన పరిశోధనములు ఆశాజనకములే గాని, పెక్కు చిన్నవి. కావున ర్యాంచ్ సర్వరోగనివారిణి కాదు.

అట్లని నిరాశపడ నక్కఱలేదు. న్యూయార్క్ రాష్ట్రమున బ్రూస్టర్ వద్ద సామ్యూల్ రాస్ 1947లో స్థాపించిన గ్రీన్ చిమ్నీస్ అను పాఠశాలలో పశువులతో పాటు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, మనోవైద్య నిపుణులు ఉన్నారు. దెబ్బతిన్న పక్షులను సాకి, నయమైన పిమ్మట వదలిపెట్టుదురు. అచ్చట జంతువు వైద్యునికి తోడు, వైద్యునికి బదులు కాదు.

మొక్కై వంగనిది మానై వంగునా అని మన సామెత. పెద్దలు దీనిని వంచుటకు ఆధారముగ చెప్పుదురు. కాని ర్యాంచ్ జీవితము నేర్పునది వేఱు. బిడ్డను ఎచ్చటికైనను పంపదలచిన తలిదండ్రులు మూడు ప్రశ్నలు అడుగవలెను. బాలుడు ఇంటికి చాటులేకుండ ఉత్తరము వ్రాయవచ్చునా, మాటలాడవచ్చునా? జబ్బుచేసినచో చూచు వైద్యుడెవరు? బాలుడు ఒక్క అడుగు ముందుకు వేసిననాడు అతనికి దక్కునదేమి? మూడవ ప్రశ్నకు సమాధానము లేనిచోట పచ్చికబయలు ఎంత విశాలమైనను అది చెఱయే.

ఈ ప్రశ్నను మన ఇంటిలోనే ముందుగ వేసికొనుట మంచిది. బాలుడు చిరకాలమునకు నేడు వేళకు ఇల్లు చేరినాడు. నిన్నటి మాట ఎత్తక, అన్నము వడ్డించి ఊరకుండగలమా?