తాటాకున ఒకటి, జమ్ములో ఒకటి

కొల్లేరు దగ్గరి కలిదిండి నుంచి ఏ రోడ్డు పట్టుకున్నా రెండు పక్కలా చేపల చెరువులే, రొయ్యల చెరువులే. గట్ల మీద కొబ్బరి, అక్కడక్కడా తాడి; మురుగు కాల్వల వెంట జమ్ము. వానలు పడి సార్వా చేలు పచ్చబడగానే ఇక్కడ రెండు రకాల గిజిగాళ్లు గూళ్లు మొదలుపెడతాయి.

ఆ రోజుల్లో రెండింటి మగపిట్టలకూ నెత్తి పసుపే, చెంపలు ముదురు రంగే. పోల్చుకోవాలంటే రొమ్ము చూడాలి. మామూలు గిజిగాడిది సాదా రొమ్ము, రెండోదానికి నల్లటి చారలు. గూళ్ల కాలం దాటాక పసుపు పోయి రెండూ ఊరపిచ్చుకల్లా అయిపోతాయి. అప్పుడూ ఆ చారలే గుర్తు.

మామూలు గిజిగాడు వరి ఆకు అంచును ముక్కుతో కొరికి పట్టుకుని ఎగురుతుంది. సన్నటి పోగు చీలి వస్తుంది. అలాంటివి వందల కొద్దీ తెచ్చి తాటాకు చివర గూడు అల్లుతుంది. సగం అయ్యాక ఆగి, రెక్కలల్లాడిస్తూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆడది లోపల దూరి చూసి, నచ్చితేనే పొడుగాటి గొట్టం దాకా పని సాగుతుంది. లేదంటే ఆ సగం గూడు అలాగే ఎండిపోతుంది. ఒక జత కుదిరాక మగది మరో గూడు కట్టి మరో ఆడదాన్ని పిలుస్తుంది. 1930లో మహారాష్ట్ర తీరాన కిహిమ్‌లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఇదంతా ఓపిగ్గా కనిపెట్టి చూశారు.

చారల గిజిగాడికి చెట్టుతో పనిలేదు. నీళ్లలో నిలబడ్డ జమ్ము ఆకుల కొసల్ని దగ్గరకు లాగి, వాటికే గూడు అల్లేస్తుంది. గొట్టం పొట్టి, గుంపూ చిన్నదే.

నా దిగులంతా ఈ రెండోదాని గురించే. తాడి కొట్టేస్తే మామూలు గిజిగాడు కొబ్బరికి మారుతుంది, కరెంటు తీగకైనా వేలాడదీస్తుంది. కొబ్బరిని రైతే నాటుకుంటాడు. జమ్మును మాత్రం కలుపనుకుని పీకేస్తాడు. కొల్లేరు సరస్సులో 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. కైకలూరు పక్కన ఆటపాకకు గూడబాతుల్ని చూడ్డానికి జనం వస్తారు. కాల్వగట్టు జమ్ములోని పిట్టను పట్టించుకునేదెవరు?

ముంపు తప్పాలంటే జమ్ము తీసి కాల్వ బాగుచేయక తప్పదు. ఆ పని వేసవిలోనే ముగించి, సార్వా నెలల్లో ఒక పక్క జమ్మునైనా వదిలేస్తే చారల గిజిగాడి పిల్లలు ఎగిరిపోయేదాకా గూడు నిలుస్తుంది.