మాజీ సైనికులలో ఆత్మహత్యల నివారణ (మానసిక చికిత్స అనంతరం)

మానసిక వైద్యశాలలో చికిత్స పొంది ఇంటికి చేరిన మాజీ సైనికులు ఆత్మహత్యకు పాల్పడకుండా వైద్యులు, కుటుంబ సభ్యులు, గ్రామస్థులు తీసుకోవలసిన చర్యలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆసుపత్రిలో ఉన్నంతకాలం రోగిని ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉంటారు, మందులు వేళకు అందుతాయి. ఇంటికి వచ్చిన మరునాటి నుండి ఆ కాపలా ఉండదు. "నయమై వచ్చాడు" అని అందరూ ఊపిరి పీల్చుకొనే ఆ రోజులే నిజానికి అత్యంత ప్రమాదకరమైనవి. వివిధ దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2017లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, మానసిక వైద్యశాల నుండి డిశ్చార్జి అయిన తరువాత మొదటి మూడు నెలలలో ఆత్మహత్యల రేటు ఏడాదికి లక్షమందికి 1,132. భారతదేశంలో 2022లో మొత్తం జనాభాకు ఈ రేటు లక్షకు 12.4గా నమోదయింది.

ఇబ్రహీంపట్నం పరిస్థితి

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం హైదరాబాదుకు ఆగ్నేయ దిశలో, నాగార్జునసాగర్ రహదారిపై ఉంది. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డ నగరానికి వాయవ్యాన ఉంది. సైనిక ఆసుపత్రి సికింద్రాబాదులో ఉంది. అంటే మందుల కోసం, తిరిగి చూపించుకోవడం కోసం రోగి, అతనికి తోడుగా మరొకరు నగరాన్ని ఈ చివర నుండి ఆ చివరకు దాటి వెళ్ళాలి. ఆ ఇద్దరికీ ఒక రోజు పని పోతుంది. ఒకటి రెండు నెలలు వెళ్ళి తరువాత మానివేయడానికి నిర్లక్ష్యం కంటే ఇదే పెద్ద కారణం. దీనికి తోడు "ఎర్రగడ్డ" అనే ఊరి పేరే తెలుగునాట ఎగతాళి మాటగా మారిపోయింది. అక్కడికి వెళ్ళివచ్చిన సంగతిని కుటుంబాలు దాచిపెడతాయి, దాచిన సంగతి గురించి సాయం అడగలేవు.

మాజీ సైనికుల ప్రత్యేకత

కనీసం 15 ఏళ్ళ సేవ ఉంటే సిపాయికి సర్వీసు పింఛను లభిస్తుంది. అందువలన చాలామంది నలభై ఏళ్ళలోపే ఇంటికి వస్తారు. పటాలంలో లేచే వేళ, తినే వేళ, పక్కన పడుకొనే మిత్రుడు అన్నీ నిర్ణయమై ఉంటాయి. ఊరిలో ఇవేవీ ఉండవు. సైన్యంలో వైద్యశ్రేణిని నిర్ణయించే "షేప్" పద్ధతిలో మొదటి అక్షరం మానసిక స్థితికి సంబంధించినదే. ఆ శ్రేణి తగ్గితే పదోన్నతికి అడ్డు అనే భయంతో బాధను బయటపెట్టని అలవాటు పదవీవిరమణ తరువాత కూడా కొనసాగుతుంది.

క్యాంటీను కార్డుపై వచ్చే మద్యం, భద్రతా ఉద్యోగం కోసం తీసుకున్న లైసెన్సు తుపాకి, వ్యవసాయ కుటుంబమైతే ఇంట్లోని పురుగుమందు డబ్బా ఈ ముప్పును పెంచుతాయి. ఆత్మహత్య ఆలోచన తీవ్రంగా ఉండే సమయం తరచుగా స్వల్పమే. ఆ సమయంలో ప్రమాదకర వస్తువు చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. కనుక రోగి ఇంటికి రాకముందే పురుగుమందును తాళం వేసిన చోట గాని, వేరొకరి ఇంట గాని ఉంచాలి. తుపాకిని లైసెన్సు నిబంధనల ప్రకారం పోలీసుస్టేషనులో గాని, అధీకృత డీలరు వద్ద గాని భద్రపరచాలి. మద్యం కార్డును, మందుల చీటీని ఇంటి పెద్ద తన వద్ద ఉంచుకొనడం మంచిది.

పలకరింపు ప్రభావం

ఈ విషయంలో బాగా పరీక్షకు నిలిచిన ఉపాయం అతి సాధారణమైనది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు, ఆసుపత్రి నుండి వెళ్ళిపోయి తదుపరి వైద్యం వద్దన్న 843 మందిలో సుమారు సగం మందికి ఐదేళ్ళపాటు చిన్న చిన్న ఉత్తరాలు పంపించాడు. ఎలా ఉన్నారు, మీరు మాకు గుర్తున్నారు అనడమే తప్ప వాటిలో మరే డిమాండూ లేదు. ఉత్తరాలు అందుకొన్నవారిలో మొదటి రెండేళ్ళలో ఆత్మహత్యలు గణనీయంగా తక్కువగా నమోదయ్యాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాలలో జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగంలో చెన్నై కూడా ఒక కేంద్రం. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు చికిత్సతో పాటు ఒక గంట సలహా ఇచ్చి, 18 నెలలలో తొమ్మిది సార్లు ఫోను ద్వారా గాని, ఇంటికి వెళ్ళి గాని పలకరించారు. వీరిలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం కాగా, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో 2.2 శాతం. వీరు మానసిక వైద్యశాల నుండి వచ్చినవారు కారనేది గుర్తుంచుకోవాలి.

మాజీ సైనికుల మీదనే జరిగిన అధ్యయనం అమెరికాలో 2018లో వెలువడింది. అత్యవసర విభాగానికి వచ్చిన 1,640 మందిని పరిశీలించారు. భద్రతా ప్రణాళిక వ్రాయించి, ఆపై ఫోను చేసినవారిలో ఆత్మహత్యకు సంబంధించిన ప్రవర్తన, మామూలు చికిత్స పొందినవారి కంటే ఆరు నెలలలో 45 శాతం తక్కువగా కనిపించింది. ఈ ప్రణాళిక ఒక కాగితం మాత్రమే. మనసు చెడుతున్న గుర్తులు ఏవి, అప్పుడు తాను ఏమి చేయాలి, ఎవరికి ఫోను చేయాలి అన్నవి రోగి తన మాటల్లోనే వ్రాసుకొంటాడు.

ఇబ్రహీంపట్నం వంటి చోట ఈ పలకరింపును ఆశా కార్యకర్త, మాజీ సైనికుల సంఘంలోని తోటి జవాను, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయ సిబ్బంది పంచుకొనవచ్చు. మొదటి వారంలోనే ప్రారంభించడం ముఖ్యం. "చనిపోవాలని అనిపిస్తున్నదా?" అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం నిరాధారం.

చట్టం, పథకాలు

2018 మే 29 నుండి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 98వ సెక్షను ప్రకారం, డిశ్చార్జికి ముందు వైద్యుడు రోగితో, అతని ప్రతినిధితో, ఇంట్లో చూసుకొనేవారితో, ఇకపై చూడబోయే వైద్యునితో సంప్రదించి తదుపరి చికిత్సను నిర్ణయించాలి. కుటుంబం దీనిని హక్కుగా అడగవచ్చు. అదే చట్టంలోని 115వ సెక్షను ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలని చెబుతుంది. కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా ఆగవలసిన అవసరం లేదు.

పింఛనుదారులైన మాజీ సైనికులకు 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. పథకం వర్తిస్తుంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం నిబంధనల ప్రకారం, నాలుగేళ్ళ తరువాత వెళ్ళిపోయేవారికి పింఛను గాని, ఈ ఆరోగ్య పథకం గాని లేవు. వీరు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంపై ఆధారపడవలసి ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ కార్యక్రమం 1996-97లో మెదక్ జిల్లాలో మొదలయింది.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ ఉచిత ఫోను నంబరు 14416. తెలుగులోనూ, రేయింబవళ్ళూ సలహా లభిస్తుంది. రోగి గాని, అతని గురించి ఆందోళన చెందే కుటుంబ సభ్యులు గాని ఫోను చేయవచ్చు. సాయుధ దళాల కోసం దీని ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరు 1న పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రారంభించారు.