ఎండకాలం అడవిల సైకిలా? నీడ ఏడున్నదో ఎరుకుండాలె

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్‌ల సైకిల్ తొక్కేటోళ్లు డాంబర్ రోడ్డు ఇడిసి అడవి బాట వడతరు. లావు టైర్ల గేర్ సైకిల్ కారు మీద కట్టుకొని వికారాబాద్ అనంతగిరి దిక్కు పోతరు. అడవిల నీడుంటది, ఎండ మనల్ని ఏం జేస్తది అన్నది వాళ్ల ధైర్యం. గా ధైర్యంలనే తిరకాసున్నది.

మన అడవి ఎక్కువగ ఆకు రాల్చే అడవి. భూమిల తడి తగ్గితే చెట్టు ఆకు ఇడిసి పానం కాపాడుకుంటది. ఎండకాలం టేకు బోడిగైతది. అంటే మనకు నీడ గట్టిగ కావల్సిన నెలలల్లనే అడవిల నీడ తక్కువ. మిట్టమధ్యాహ్నం టేకు తోట నడుమ తొక్కుడంటే బయలు మీద తొక్కినట్టే.

మరి నీడ ఏడుంటది? వాగొడ్డుకు. మర్రి, మామిడి, నేరేడు వేర్లకు తడి దొరికే కాడ పచ్చగుంటయి. కానుగైతే ఎండలు ముదిరే యాళ్లకు కొత్త ఆకు తొడుగుతది. గీ చెట్లు ఎండను ఆపుడే గాదు, ఆకులల్లకెల్లి నీళ్లు ఆవిరైతుంటే సుట్టూ ఉన్న వేడిని గూడ గుంజుకుంటయి. మట్టికుండల నీళ్లు సల్లగైనట్టే.

నీడున్నా, పెయ్యిల పుట్టే వేడి వేరే. మనం పెట్టే బలంల పెడల్‌కు పోయేది దాదాపు పావు వంతే, మిగిలిందంత వేడి. సాపు రోడ్డు మీద ఉరికితే గాలి తగిలి చెమట ఆరుతది. గుట్ట ఎక్కేటప్పుడు సైకిల్ మెల్లగైతది, గాలి తగలదు, చెమట కారుడే గని ఆరదు.

అందుకే తెల్లారంగనే బయలెల్లాలె. గుట్ట ఎక్కుడు ముందుగాల, వాగు బాట ఆఖర్ల పెట్టుకోవాలె. తొమ్మిది కొట్టెవరకు బయటవడాలె. గంటకు అర లీటరుకు తక్కువ గాకుంట నీళ్లు, దూప గాకముందే కొద్దికొద్దిగ తాగాలె. ఉప్పేసిన మజ్జిగైనా ఓఆర్‌ఎస్ అయినా ఎంబడి ఉండాలె. ఒక్కలే పోవద్దు. తోటి మనిషి మాట తడవడ్డదంటే నీడకు జరిపి, పెయ్యి మీద నీళ్లు సల్లి, గాలి విసిరి, 108కి ఫోన్ కొట్టాలె. సోయి లేనోళ్ల నోట్ల నీళ్లు పొయ్యద్దు.

రాలిన ఆకు కింద రాయి, వేరు కానరావు. బ్రేకు ఒక్కసారే గుంజితే టైరు జారుతది. గా ఎండుటాకే నిప్పుకు మేత గూడ. బీడీ, సిగరెట్, పొయ్యి అసలే వద్దు.

ఇంకో ముచ్చట. గా సల్లపొద్దు మన ఒక్కలదే గాదు. ఇప్పపువ్వు ఏరేటోళ్లు, తునికాకు కోసేటోళ్లు గప్పుడే అడవిలకొస్తరు. వాళ్లకది బతుకుదెరువు. ఇప్పపువ్వుకు గుడ్డెలుగులొస్తయి, వాగుకు జంతువులు నీళ్లకొస్తయి. మలుపుల కాడ మెల్లగ పోవాలె, నీళ్లకాడ అడ్డా పెట్టొద్దు. అభయారణ్యమైతే అటవీశాఖ పర్మిషన్ లేకుండ అడుగు పెట్టొద్దు.

అడవుల్ల సైకిల్ ట్రాక్‌లు కావాలని అడుగుడు మంచిదే. గని ట్రాక్ పేరు మీద వాగొడ్డు చెట్టు కొట్టి, బదులు మొక్కలు నాటుతం అంటే ఒప్పుకోవద్దు. మొక్క నీడియ్యాలంటే ఏండ్లు వడతది. బాట యాడికెల్లి పోవాలన్నది చెట్లను లెక్కవెట్టినంకనే తేల్చాలె.