కంప్యూటర్‌కు కబడ్డీ వస్తుందా?

సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు గ్రౌండులో కబడ్డీ ఆడేటప్పుడు మనం రెండు పనులు ఒకేసారి చేస్తాం. ఒళ్లు కదిలిస్తాం, నోటితో కూత పెడతాం. ఈ రెండింటితోనే వీడియో గేములు ఆడవచ్చని, బటన్లు నొక్కే పని లేదని, మనమే ఆటలోకి వెళ్లిపోతామని పెద్ద కంపెనీలు చెప్పాయి. ఆ మాట ఎంతవరకు నిజమైందో చూద్దాం.

2006లో జపాన్ కంపెనీ నింటెండో 'వీ' అనే యంత్రాన్ని తెచ్చింది. రిమోట్ పట్టుకుని చేయి ఊపితే తెర మీద టెన్నిస్ బ్యాటు ఊగుతుంది. అందులో త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్ ఉంటుంది. సెల్‌ఫోనును పక్కకు వంచి కారు నడిపే గేములో పనిచేసేది కూడా అదే. ఈ యంత్రాలు 10 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. అయితే చేయంతా తిప్పనక్కరలేదని, కూర్చుని మణికట్టు విదిలించినా చాలని ఆడేవాళ్లు త్వరలోనే కనిపెట్టారు. అంటే రిమోట్ కూడా బటన్‌లాగే అయిపోయింది.

2010లో మైక్రోసాఫ్ట్ 'కినెక్ట్' వచ్చింది. దీనికి రిమోట్ కూడా అక్కరలేదు. కంటికి కనిపించని పరారుణ కిరణాలను గదిలోకి పంపి, మనిషి ఎంత దూరంలో ఉన్నాడో, చేతులు కాళ్లు ఎటు కదులుతున్నాయో కనిపెడుతుంది. మాట కూడా వింటుంది. మొదటి 60 రోజుల్లోనే 80 లక్షలు అమ్ముడుపోయాయి. కానీ దానికి ఎదురుగా ఆరడుగుల ఖాళీ స్థలం కావాలి. అది వినేది ముందే నేర్పిన కొన్ని మాటలనే, అదీ కొన్ని భాషల్లోనే. వాటిలో తెలుగు లేదు. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన 2014లోనే, కినెక్ట్ లేకుండా ఎక్స్‌బాక్స్ వన్ అమ్మడం మొదలైంది. 2017లో దాని తయారీ ఆపేశారు.

లోపం ఎక్కడుంది? న్యూటన్ మూడో నియమం గుర్తు చేసుకోండి. ప్రతి చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుంది. కబడ్డీలో మనం ఒకరిని తాకితే నలుగురు కాలు పట్టి లాగుతారు. ఆ బరువు, ఆ పట్టు మన ఒంటికి తెలుస్తాయి. తెర మీద బంతిని ఎంత గట్టిగా కొట్టినా మన చేతికి తగిలేది గాలే. పైగా యంత్రం మన కదలికను చూసి, లెక్కకట్టి, బొమ్మను కదిలించేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ఆ కాస్త ఆలస్యమే 'ఇది నేను కాదు, బొమ్మ' అని గుర్తు చేస్తుంది.

అలాగని అంతా వృథా అనలేం. 'డాన్స్ సెంట్రల్' వంటి డాన్సు ఆటలు కినెక్ట్‌లో బాగా కుదిరాయి. డాన్సులో పట్టుకోవడానికి, తోయడానికి ఎదురుగా ఏమీ ఉండనక్కరలేదు కదా! రోబోల పరిశోధనలోనూ, వ్యాయామ చికిత్సలోనూ కినెక్ట్ ఉపయోగపడింది.

కాబట్టి మిత్రులారా, అలాంటి గేములు మనకు లేవని చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఆ యంత్రాల వెనుక ఉన్నది మన ఫిజిక్స్ పుస్తకమే. శ్రద్ధగా చదివితే తెలుగు కూత వినే యంత్రాన్ని రేపు మనలో ఒకరు తయారు చేయవచ్చు. అందాకా గ్రౌండులో కూత ఆపకండి!