నేతగాళ్ల నగరంలో రెండు రోజులు

ఫ్రాన్స్ అనగానే మనవాళ్ల ప్రయాణం పారిస్ దగ్గరే ఆగిపోతుంది. ఈఫిల్ టవర్ కింద ఫొటో, మోనాలిసా ముందు తోపులాట, సెన్ నది మీద పడవ షికారు... అవేవీ చూడొద్దని కాదు. చేతిలో మరో రెండు రోజులుంటే మాత్రం టీజీవీ రైలెక్కి లియాన్ వెళ్లండి. రెండు గంటల ప్రయాణం. మగ్గం చప్పుడు విని పెరిగినవాళ్లకు ఫ్రాన్స్‌లో ఇంతకన్నా దగ్గరి ఊరు ఇంకోటి లేదు.

ధర్మవరంలో ఏ నేతన్న ఇంట్లోనైనా తలెత్తి చూస్తే మగ్గం నెత్తిన జకార్డు పెట్టె కనిపిస్తుంది. దాన్నుంచి చిల్లులు కొట్టిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. అంచున హంస, కొంగున నెమలి తేలేది ఆ అట్టల లెక్కతోనే. ఆ పెట్టెకు తన పేరిచ్చిన జోసెఫ్ మరీ జకార్డ్ 1752లో లియాన్‌లో పుట్టాడు. 1804లో ఈ పరికరానికి రూపమిచ్చాడు. అట్టలో చిల్లున్నచోట సూది దూరుతుంది, దాని కొక్కెం పడుగు దారాన్ని పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట దారం కదలదు. అంతవరకూ పువ్వు నేయాలంటే మగ్గం పక్కన నిలబడి దారాలు లాగడానికి ఇంకో మనిషి ఉండాల్సిందే.

అందుకే లియాన్‌లో మొదటి ఉదయం క్రువా రూస్ కొండకే ఇవ్వాలి. మెట్రోలో పైకి వెళ్లి నడుస్తూ కిందికి దిగడం మేలు, ఆ ఎత్తు మోకాళ్లకు పరీక్షే. ఇక్కడి పాత ఇళ్లలో పైకప్పు దాదాపు 4 మీటర్ల ఎత్తున ఉంటుంది. అది దర్జా కోసం కాదు, జకార్డు మగ్గం పట్టాలని. దారం రంగు స్పష్టంగా కనపడాలని కిటికీలు నిలువెత్తున పెట్టారు. కుటుంబం పడుకునేది మాత్రం గదిలోనే ఓ మూల కట్టుకున్న అటక మీద. ఈ పట్టు నేతగాళ్లను ఇక్కడ కాన్యూలు అంటారు. మెజోన్ దె కాన్యూ అనే మ్యూజియంలో ఇప్పటికీ మగ్గం ఆడించి చూపిస్తారు. దాని పక్కన నిలబడి చూస్తే పట్టుబట్టలోని మెరుపుకి ఎంత ఒళ్లు అరిగిందో తెలుస్తుంది.

ఆ అరిగిన ఒళ్లే 1831 నవంబరులో తిరగబడింది. ఒప్పుకున్న మజూరీ రేటు ఇవ్వబోమని వ్యాపారులు మొండికేస్తే నేతగాళ్లు కొండ దిగివచ్చి నగరాన్నే చేతుల్లోకి తీసుకున్నారు. సైన్యం వచ్చి అణచింది. 1834లో మళ్లీ లేచారు, ఈసారి వందల మంది ప్రాణాలు పోయాయి. కొండవాలున ఉన్న కూర్ దె వొరాస్ అనే ముంగిట్లో ఆరంతస్తుల రాతిమెట్ల కింద నిలబడినప్పుడు ఈ కథ తెలిసి ఉండాలి. తెలియకపోతే అది ఉత్త పాత మెట్లవరసే.

దగ్గర్లోనే ఒక పెద్ద గోడంతా ఆ కొండ వీధులనే బొమ్మగా గీశారు. 1987లో మొదలైన ఆ చిత్రాన్ని తర్వాత 1997లో, 2013లో మార్చి గీశారు. బొమ్మలోని మనుషులకూ వయసు పెరుగుతూ వస్తోంది.

సాయంత్రానికి సోన్ నది దాటి పాత లియాన్‌కు చేరండి. 1998లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ప్రాంతంలో ఇదొక భాగం. ఇక్కడ ట్రబూల్‌లు చూడాలి. వీధులన్నీ నది వెంబడే సాగుతాయి, అడ్డదారులు తక్కువ. అందుకే ఇళ్ల కడుపులోంచే దారులు తీశారు. సెయింట్ జాన్ వీధి 54వ నంబరు తలుపు తోస్తే చీకటి నడవా, అది దాటితే ముంగిలి, మళ్లీ నడవా, మళ్లీ ముంగిలి... చివరికి బఫ్ వీధిలో 27వ నంబరు గుమ్మంలో తేలతారు. గోడకి ఉత్తరాల డబ్బాలు, పైన ఎవరింట్లోనో గిన్నెల చప్పుడు. ఇవి జనం కాపురముండే ఇళ్లు, గొంతు తగ్గించి నడవడం మర్యాద. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల కళ్లుగప్పి తిరిగిన ప్రతిఘటన దళాలకు అక్కరకొచ్చినవి ఈ దారులే.

రాత్రి భోజనం బూషోన్ అనే చిన్న హోటల్లో చేయాలి. చాలావాటికి ఆదివారం, సోమవారం సెలవు కాబట్టి ముందే టేబుల్ చెప్పిపెట్టుకోండి. ఇది పేగులు, పొట్ట, కాలేయం దేన్నీ పారేయని వంట. బోటీ కూర ఇష్టంగా తినేవాళ్లు పేగులతో చేసే ఆందుయెట్‌కు బెదరరు. బెదిరేవాళ్లకు కెనెల్ ఉంది. పైక్ చేప మాంసాన్ని మెత్తగా దంచి, గుడ్డు, పిండి, వెన్న కలిపి, కోలగా చేసి నీళ్లలో ఉడికించి, మంచినీటి రొయ్య సాస్ పోసి ఓవెన్‌లో పెడతారు. బల్ల మీదికి వచ్చేసరికి ఉబ్బి, అంచుల్లో సాస్ బుడబుడలాడుతూ ఉంటుంది. చెంచా ఆనిస్తే చాలు, విచ్చుకుంటుంది. శాకాహారులు వెల్లుల్లి, ఉల్లికాడలు కలిపిన మెత్తటి జున్ను సెర్వెల్ ద కాన్యూ అడగాలి. అది నేతగాళ్ల పేరు మీదే ఉన్న పదార్థం. పంది మాంసం వద్దనుకుంటే ముందే చెప్పాలి, సలాడ్‌లో కూడా దాని ముక్కలు వేస్తారు.

ఈ వంటకు పేరు తెచ్చింది ఆడవాళ్లు. ధనికుల ఇళ్లలో వండిపెట్టిన చేతులు సొంతంగా పూటకూళ్లిళ్లు తెరిచాయి. వాళ్లలో ఎజెనీ బ్రాజియే 1933లో తన రెండు హోటళ్లకూ మూడేసి మిషెలిన్ నక్షత్రాలు సాధించింది. తర్వాత ప్రపంచమంతా కీర్తించిన పాల్ బొక్యూజ్ కుర్రాడిగా పనిచేసింది ఆమె వంటింట్లోనే. ఆయన పేరు ఎంత మోగుతుందో ఆమె పేరూ అంత మోగాలి.

రెండో రోజు పొద్దున్నే ఫూర్వియేర్ కొండ. బాసిలికా, రోమన్ల నాటి నాటకశాల, పైనుంచి రెండు నదుల నగరం. ఒక పూట చాలు.

మధ్యాహ్నం మోన్‌ప్లెజీర్ వెళ్లాలి. 1895లో లూమియేర్ సోదరుల కెమెరా తమ ఫ్యాక్టరీ గేటులోంచి బయటికి వస్తున్న కార్మికులను పట్టుకుంది ఇక్కడే. ఆ షెడ్డు ఇంకా ఉంది, వీధికి మొదటి సినిమా వీధి అనే పేరు పెట్టారు. సినిమా మీద ప్రాణం పెట్టే మనవాళ్లు ఇంతదూరం వచ్చి ఇది చూడకుండా పోకూడదు.

తిరుగు రైలు పార్ద్యూ స్టేషన్‌లో. నడిచే దూరంలోనే బొక్యూజ్ పేరున్న మార్కెట్ ఉంది. గంట ముందు వెళ్లి, ఎర్రటి పాకం పట్టిన బాదం పప్పు నింపిన ప్రలీన్ బ్రియోష్ రొట్టె కొనుక్కోండి. రైల్లో తినడానికి ఒకటి, ఇంటికి ఒకటి.